గవర్నరుపేట ఫోటో కొట్టు, మా ఆవిడ పిన్నీసులు

బెజవాడలో పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించడానికి మంచి కొట్టు ఎక్కడుందని నాలుగు నెలల కిందట నేను చాలామందిని అడిగాను. ఇప్పుడు అలా అడుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మనిషి పోయి, ఇంటినిండా చుట్టాలున్న రోజుల్లో పెద్ద రాత చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని కావలసిన సంగతులు ముందే చెప్పేస్తాను.

కొట్టు గవర్నరుపేటలో ఉంది. ఏలూరు రోడ్డు వదిలి లోపలికి వెళ్ళే ఒక సందులో, మేడ మీద. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కలేరు. బండి పెట్టుకునే చోటు లేదు. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఫోటో, టేకు ఫ్రేము, అద్దం, ఫోటో బాగుచేసిన కూలి, అన్నీ కలిపి నాకు 2,600 రూపాయలైంది. సింథటిక్ ఫ్రేము అయితే వెయ్యి దాకా తగ్గుతుంది. నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. రేపు పెద్దకర్మ అనగా ఈరోజు వెళ్తే ఇక్కడ పని కాదు, ఆ సంగతి వాళ్ళే చెప్పి పంపేస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటారు. కొట్టు పేరు రాయవద్దని ఆయనే అడిగారు, ఉన్న పనికే చెయ్యి ఖాళీ లేదట. సందులో "పాత ఫోటోల పెద్దాయన" అని ఎవరినడిగినా మేడ చూపిస్తారు.

తొందర లేనివాళ్ళు మిగతాది చదవండి.

నేను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఇల్లు సింగ్‌నగర్‌లో. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది, చీరలకి ఫాల్స్ వేసేది. 2025 ఆగస్టులో, శ్రావణమాసం కాబట్టి పని ఒత్తిడి బాగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి జాకెట్టుకి హుక్స్ కుడుతూ "చెయ్యి పట్టు తప్పుతోందండీ, సూది జారిపోతోంది" అంది. మాట కూడా కాస్త ముద్దగా వచ్చింది. పొద్దుట్నించీ కూర్చునే ఉన్నావు, పడుకో, పొద్దున్న చూద్దాంలే అన్నాను. పొద్దుటికి కుడివైపు కదల్లేదు. ఆస్పత్రిలో నాలుగో రోజు పోయింది. 49 ఏళ్ళు.

ఇది ఫోటో కొట్టు గురించి రాస్తున్నదే అయినా ఒక్కటి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. మూతి ఒక పక్కకి జారినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చినదైతే, ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పొద్దున్న చూద్దాంలే అనే మాట ఆ గంటల్ని తినేస్తుంది. అర్ధరాత్రయినా ఆటో పిలవండి, 108కి ఫోన్ చేయండి. ఈ సంగతి నాకు ఆవిడ పోయాక తెలిసింది.

కృష్ణలంక స్వర్గపురి శ్మశానంలో కార్యక్రమం అయిపోయి ఇంటికొచ్చాక మా అబ్బాయి అడిగిన మొదటి మాట, "నాన్నా, అమ్మ ఫోటో మంచిది ఉందా?" పదకొండో రోజుకి ఫ్లెక్సీ వేయించాలి, కార్డు వేయించాలి. నా ఫోన్ తీసి చూశాను. అందులో దాదాపు నాలుగు వేల ఫోటోలున్నాయి. అన్నీ లారీలే. కట్టిన ప్రతి బాడీకీ ముందు నుంచి, వెనక నుంచి, క్యాబిన్ లోపల, తొట్టి లోపల ఫోటోలు తీసి పార్టీకి పంపుతాం. ఒక్కో లారీకి ముప్పై ఫోటోలు. మా ఆవిడవి పదకొండు. అందులో నాలుగింటిలో తల తిప్పుకుని ఉంది, రెండు మసకగా ఉన్నాయి, మిగతావాటిలో పిల్లల వెనక సగం ముఖం.

పెళ్ళినాటి ఆల్బమ్ ఉండాలి కదా అంటారు. ఉండేది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చిన రోజు దాకా ఉండేది. మాది కింద వాటా. ఇంట్లో నీళ్ళు మోకాలి దాకా వచ్చేసరికి పై వాటా వాళ్ళు పైకి లాక్కున్నారు. బోట్ల మీద వచ్చినవాళ్ళు ఇచ్చిన పాల ప్యాకెట్లు, డ్రోన్లు మేడల మీద దించిన పొట్లాలు తిని బతికాం. వీధిలో నీళ్ళు తీసేసరికి వారం దాటింది. ఆల్బమ్ బీరువా కింద అరలో ఉంది. కిందికి దిగాక ఆవిడ మొదట కుట్టుమిషన్ చూసుకుంది, తరవాత ఆల్బమ్ తీసింది. ప్లాస్టిక్ పేజీల మధ్య బురద. ఒక్కో ఫోటో లాగి డాబా మీద ఎండలో ఆరబెట్టింది. సాయంత్రానికి అన్నీ చుట్టుకుపోయాయి. రంగు పొరలు పొరలుగా లేచి, ముఖాలు వేలికి అంటుకొచ్చాయి. ఆవిడ ఏడుస్తుంటే నేను, "పోతే పోయాయిలే, మనుషులం ఉన్నాం కదా" అన్నాను.

ఆ ఫోటోలు బాగుచేసుకునే వీలుండేదని గవర్నరుపేట పెద్దాయన చెప్పాక తెలిసింది. తడిసిన ఫోటోల్ని ఒకదానికొకటి అంటుకుని ఉండగా ఆరనివ్వకూడదట. శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి, రెండు రోజుల్లోపు మెల్లగా విడదీసి, బొమ్మ వైపు వేలు తగలకుండా, నీడలో, బొమ్మ పైకి ఉండేట్టు పాత బట్ట మీద పరవాలి. ఎండలో పెట్టకూడదు. అప్పటికప్పుడు వీలు కాకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేస్తే పాడవకుండా ఆగుతాయి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగకూడదు, అద్దంతోపాటే తీసుకురావాలి. ఆ సెప్టెంబరులో సింగ్‌నగర్ నుంచి, పాయకాపురం నుంచి సంచుల్లో ఫోటోలు పట్టుకుని మనుషులు తన మెట్లెక్కారని, చాలామంది అప్పటికే ఎండబెట్టి తెచ్చారని ఆయన చెప్పారు.

పదకొండో రోజు ఫ్లెక్సీ మీద ఆవిడ ఆధార్ కార్డు ఫోటో వేయించారు. ఇంకోటి దొరకలేదు. చిన్న బొమ్మని తలుపంత చేసేసరికి ఎవరో తెలియని ఆడమనిషి నావైపు చూస్తున్నట్టుంది. భోజనాలకి వచ్చినవాళ్ళు దానికి దండం పెట్టి వెళ్తుంటే నేను అటువైపు చూడలేకపోయాను.

తరవాత మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఇంకో ఫోటో పంపాడు. ఆ ఆధార్ ఫోటోనే ఫోన్‌లో ఏఐ యాప్‌లో పెట్టి చేశాడట. చర్మం నున్నగా, కనుబొమలు దిద్దినట్టు, కళ్ళలో మెరుపు. అందంగా ఉంది. వాడి ప్రేమ వాడిది, నేనేమీ అనలేదు. కానీ రాత్రి పడుకున్నాక ఆ ముఖమే కళ్ళ ముందుకి రావడం మొదలైంది. అసలు ముఖం ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే ఇదే అడ్డం వచ్చేది. నాకు భయం వేసింది. మర్నాడే కొట్టు కోసం అడగడం మొదలుపెట్టాను.

పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. కుర్రతనంలో నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో టచప్ చేసే పని చేశారట. పెన్సిల్ ముల్లుని సూదిలా చెక్కి, నెగెటివ్ మీద ముడత ఉన్నచోట చిన్న చిన్న చుక్కలు పెడితే ప్రింటులో ఆ ముడత తగ్గుతుంది. ఇప్పుడు కంప్యూటర్ పని ఒక కుర్రాడు చేస్తాడు, ఆయన వెనక కుర్చీ వేసుకుని చెప్తుంటారు. నేను ఏఐ ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "ఇందులో మీ ఆవిడ ఎంత ఉందో నాకు తెలీదు బాబూ. ఉన్న బొమ్మలో లేనిదాన్ని మిషను తనంతట తనే పుట్టించి పెడుతుంది. మనం బాగుచేయగలిగేది ఉన్నదాన్నే" అన్నారు. చిరుగులు, మరకలు తీయడానికి ఆయనా కంప్యూటర్ వాడతారు. ముఖం మాత్రం దానికి వదలరు. నా లెక్కలో ఈ కొట్టుకి వెళ్ళడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇప్పుడు ఊళ్ళో చాలా కొట్లలో అయిదు నిమిషాల్లో ఏఐ ముఖం వేసి ఇచ్చేస్తున్నారు. ఇచ్చేవాళ్ళు మోసం చేస్తున్నారని నేననను. అడిగేవాళ్ళం అలా అడుగుతున్నాం.

ఆయన పద్ధతి ఏమిటంటే, ఉన్న ఫోటోలన్నీ తెమ్మంటారు. మంచివి ఏరి తేవద్దంటారు. నా పదకొండు ఫోటోలూ, మా అమ్మాయి ఫోన్‌లో ఉన్నవీ, 2023లో జరిగిన తన పెళ్ళి ఫోటోల పెన్‌డ్రైవూ తీసుకెళ్ళాను. ఆ పెన్‌డ్రైవ్ గుడివాడలో తన అత్తగారింట్లో ఉండబట్టి వరదకి దొరకలేదు. గోడకి పెద్ద టీవీ ఉంటుంది. ఒక్కో ఫోటో అందులో పెద్దది చేసి చూపిస్తూ ప్రశ్నలు వేస్తారు. మొదటి ప్రశ్నకే నేను ఆగిపోయాను.

మా అమ్మాయి తీసిన సెల్ఫీ ఒకటి చాలా బాగుంది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఇదే చేయండి బాబాయ్‌గారూ అన్నాను. ఆయన దాన్ని చూసి, "ముక్కుపుడక ఏ పక్కన ఉండేది?" అని అడిగారు.

కొన్ని ఫోన్లలో సెల్ఫీ తీస్తే కుడిఎడమలు తారుమారవుతాయి. అద్దంలో చూసుకున్నట్టు వస్తుంది. ఎవరి ముఖమూ రెండు పక్కలా ఒక్కలాగా ఉండదు కాబట్టి, తారుమారైన ఫోటో గోడకి పెడితే ఇంట్లోవాళ్ళకి ఏదో తేడాగా అనిపిస్తూ ఉంటుంది కానీ ఏమిటో చెప్పలేరట. పాపిట, పుట్టుమచ్చ, ముక్కుపుడక చూసి సరిచేయాలి. అందుకడిగారు ఆయన.

నాకు తెలీలేదు. 26 ఏళ్ళు కాపురం చేశాను. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయాను. లారీ క్యాబిన్‌లో ఏ బోల్టు ఏ పక్కనుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ముక్కుపుడక ఏ పక్కనో చెప్పలేకపోయాను. అక్కడే కూర్చుని మా అమ్మాయికి ఫోన్ చేశాను. "కుడిపక్క నాన్నా" అంది వెంటనే. సెల్ఫీలో ఎడమపక్కనుంది. పెద్దాయన నన్నేమీ అనలేదు. కుర్రాడి చేత మంచినీళ్ళు ఇప్పించి, "అందరూ ఇంతే బాబూ. ఇక్కడికొచ్చాకే చూస్తారు" అన్నారు.

ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాను. పెళ్ళి ఫోటోలు 2,300 పైన ఉన్నాయి. ఆవిడ ఉన్నవాటన్నిటిలోనూ ఏదో ఒక పని చేస్తూనే ఉంది. పీటల మీద కూర్చున్నప్పుడు కూడా అమ్మాయి జడ సర్దుతోంది. చివరికి పెద్దాయన ఒక ఫోటో దగ్గర ఆపించారు. ఫోటోగ్రాఫరు పెళ్ళికూతుర్ని తీశాడు. ఎడమ అంచున మా ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని అమ్మాయి కుచ్చిళ్ళు సరిచేస్తోంది. తల కొంచెం పైకెత్తి ఉంది. చూపు కుచ్చిళ్ళ మీద ఉంది. పెదాల మూల చిన్న నవ్వు, కుట్టింది సరిగ్గా కుదిరినప్పుడు వచ్చే నవ్వు. ఇద్దరూ కెమెరాకి ఒకే దూరంలో ఉండటం వల్ల ఆవిడ ముఖం కూడా స్పష్టంగా పడింది.

"ఆవిడ నీవైపు చూడటం లేదు. రోజూ ఈ ఫోటో ముందు నిలబడేది నువ్వు. పర్వాలేదా?" అని అడిగారు పెద్దాయన.

పనిలో ఉన్నప్పుడు ఆవిడ ఎప్పుడూ నావైపు చూసేది కాదు బాబాయ్‌గారూ, ఇదే చేయండి అన్నాను.

అయిదో రోజు ఫోన్ వచ్చింది, శాంపిల్ చూసుకోమని. వెళ్ళాను. పెద్దాయన ఇంకా రాలేదు, కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. "అంకుల్, మొత్తం క్లీన్ చేసేశాను, చూడండి" అని టీవీలో పెట్టాడు. వెనక ఉన్న జనం పోయారు, లేత నీలం రంగు వచ్చింది. నుదుటి మీద చెమట లేదు. అంతా బాగానే ఉంది. కానీ ఏదో వెలితిగా ఉంది. మెడ దగ్గర చూశాను. నల్లపూసల గొలుసు ఖాళీగా ఉంది.

ఇక్కడి పిన్నీసులేవి బాబూ అని అడిగాను.

"తీసేశాను అంకుల్. అందరూ తీసేయమంటారు" అన్నాడు. వాడి తప్పేం లేదు. పట్టుచీర కట్టుకున్న మనిషి మెడలో పిన్నీసులు వేలాడుతుంటే ఎవరైనా తీసేయమనే అంటారు. మళ్ళీ పెట్టగలవా అని అడిగాను. వాడు ఏవో రెండు మీటలు నొక్కాడు. నేను టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. మొదట పెద్ద పిన్నీసు వచ్చింది. తరవాత రెండు చిన్నవి, ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నవి, వచ్చాయి. చిన్నదాని కొనకి ఎర్ర దారప్పోగు ఒకటి చుట్టుకుని ఉంది. పెళ్ళికూతురి జాకెట్టు రంగు అది. ముందురోజు రాత్రి పన్నెండింటికి దాని చేతులు బిగువయ్యాయని విప్పి మళ్ళీ కుట్టింది.

ఆ పిన్నీసులు ఎప్పుడూ ఆవిడ గొలుసుకి ఉండేవి. ఎవరి చీర జారినా, ఎవరి పైట ఊడినా, అమ్మాయి స్కూలు రిబ్బన్ తెగినా చెయ్యి అటే వెళ్ళేది. నా చొక్కా గుండీ ఊడితే కుట్టేదాకా పిన్నీసు పెట్టి పంపేది. ఆస్పత్రిలో గొలుసు తీసి, దూదిలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి విప్పితే గొలుసుతోపాటు రెండు పిన్నీసులున్నాయి. దూదితో సహా అలాగే బీరువాలో పెట్టి, నేను మళ్ళీ తీయలేదు.

కుర్రాడితో చెమట కూడా ఉంచమన్నాను. వాడు నా ముఖం చూసి ఏమీ అడగకుండా అదీ వెనక్కి తెచ్చాడు. అప్పుడు ఆవిడ వచ్చింది.

తరవాత పెద్దాయన ఒక సంగతి చెప్పారు. పోయినవాళ్ళ ఫోటోలో ముడతలు తీసేయమని, తెల్లజుట్టు నల్లగా చేయమని చాలామంది అడుగుతారట. చేసి ఇస్తే సంతోషంగా తీసుకెళ్తారు. ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యాక కొందరు వెనక్కి వస్తారు, ఇది మా నాన్న కాదండీ, ముడతలు మళ్ళీ కావాలి అని. అందుకే మొదట ఇచ్చిన ఫోటోని ఆయన ఎప్పుడూ విడిగా దాచి ఉంచుతారు. అక్కడే ఒక మూల గోడకి ఆనించి కట్టిన ఫ్రేములు వరసగా ఉన్నాయి. అడ్వాన్సు ఇచ్చి మళ్ళీ రానివాళ్ళవి. కొన్ని పదేళ్ళ నాటివి. పారేయలేదేమండీ అంటే, "ఎవరో ఒకరు ఓపిక తెచ్చుకుని వస్తారు" అన్నారు.

ఫ్రేము పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బాగా చేశారు. ఫోటో అద్దానికి తగలకుండా మధ్యలో మౌంటు పెట్టారు. మన ఊరి ఉక్కపోతకి ఫోటో అద్దానికి అతుక్కుంటే ఇక రాదు. వెనక అట్ట బదులు గట్టి బోర్డు వేసి, అంచుల చుట్టూ టేపు అంటించారు, పురుగు దూరకుండా. బొట్టు పెట్టేటప్పుడు కుంకుమ నీళ్ళతో కలిపి పెట్టవద్దని, తడి కిందికి జారి అద్దం అంచు నుంచి లోపలికి దిగుతుందని చెప్పారు. బాత్రూమ్ గోడకీ, ఎండ నేరుగా పడే గోడకీ తగిలించకూడదు. దీపం పొగ రోజూ తగలకుండా ఒక అడుగు దూరంలో ఉంచాలి. ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే బాగా తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఈ సైజు ఫోటో నిండుగా రావాలంటే 3,600 పిక్సెళ్ళ వెడల్పు, 5,400 పొడవు కావాలట. వాట్సాప్ మామూలుగా పంపేదాంట్లో అన్ని ఉండవు.

ఆలస్యం మాత్రం బాధపెట్టింది. కార్తీకమాసంలో మాసికం రోజుకి ఫోటో ఇంట్లో ఉండాలనుకున్నాను, అందలేదు. రెండుసార్లు ఆటోనగర్ నుంచి అంత దూరం వెళ్ళి ఊరికే తిరిగొచ్చాను. రాదంటే ముందే ఫోన్ చేసి చెప్పాల్సింది. పెద్దాయనతోనే అన్నాను, ఒప్పుకున్నారు.

అలా ఊరికే వెళ్ళిన రోజుల్లో ఒకరోజు ఒక పెద్దావిడ మెట్లు ఎక్కుతూ కనిపించింది. ఒక్కతే. సంచి అందుకుని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. సంచిలో ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర ఉంది. ఎవరి ఫోటో అమ్మా అని కుర్రాడు అడిగితే, "నాదే. నేను పోయాక పెట్టేది" అంది. మామూలుగా, కూరగాయల బేరం ఆడినట్టు అంది. లోపలికెళ్ళి చీర మార్చుకొచ్చింది. పెద్దాయన కళ్ళజోడు తీయమన్నారు, లైటు అద్దాల మీద మెరుస్తోందని. "కళ్ళజోడు లేకుండా నన్ను మా మనవలు గుర్తుపట్టరు" అని ఆవిడ తీయలేదు. ఆయన కళ్ళజోడు కాడలు చెవుల మీద నుంచి కాస్త పైకెత్తి పెట్టారు. అద్దాలు కిందికి వంగి మెరుపు పోయింది.

ఫోటో అయ్యాక నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నువ్వెవరి కోసం వచ్చావు నాయనా అంది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత తనకి 76 ఏళ్ళని, ఆయన పోయినప్పుడు ఎక్కడ ఏ కాగితముందో తెలియక నాలుగు నెలలు తిరిగిందని, తన పిల్లలకి ఆ టెన్షన్ ఉండకూడదని బ్యాంకు పుస్తకాలన్నిటిలో నామినీ రాయించానని చెప్పింది. కళ్ళు దానం చేస్తానని రాసిచ్చిందట. పోయిన ఆరు గంటల్లోపు ఫోన్ చేయాలని, వాళ్ళు వచ్చేదాకా రెప్పలు మూసి, పైన తడి దూది వేసి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపేయాలని కోడలికి నేర్పింది. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉందట. ఇవన్నీ చెప్తుంటే భయం వేయదా అమ్మా అని అడిగాను.

"వేసేది. రాయించేశాక పోయింది. ఇప్పుడు పొద్దున్నే లేస్తే కాఫీ రుచిగా ఉంటోంది" అంది.

నేను ఆ రోజే మా డ్వాక్రా గ్రూపు ఆవిడని కలిసి, మా ఆవిడ పొదుపు లెక్క ఎంతుందో రాయించుకున్నాను. నా ఖాతాలో ఇంకా ఆవిడ పేరే నామినీగా ఉంది. మార్చడానికి బ్యాంకుకి వెళ్ళి, ఫారం తీసుకుని, ఆ పేరు కొట్టేయలేక తిరిగొచ్చాను. మూడోసారి వెళ్ళినప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్ళాను. తనే నింపింది, నేను సంతకం పెట్టాను.

ఫోటో ఇప్పుడు కుట్టుమిషన్ పైన గోడకి ఉంది. దండ వేయలేదు, బొట్టు ఒక్కటే. వచ్చినవాళ్ళు మొదట ఈ ఫోటో ఏమిటి, పక్కకి చూస్తోంది అంటారు. పక్కింటావిడ మాత్రం రాగానే, "అయ్యో, పిన్నీసులు" అని కూర్చుండిపోయింది. ఆవిడ పైటకి ఎన్నిసార్లు పెట్టిందో. మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు చాలాసేపు ఆ ఫోటో ముందు నిలబడ్డాడు. ఏఐ ఫోటో తన ఫోన్‌లో నుంచి తీసేశాడని తరవాత వాళ్ళ అక్క చెప్పింది.

మొన్న ఆదివారం నూజివీడు దగ్గర మా ఊరు వెళ్ళాను. మా అమ్మకి 78 ఏళ్ళు, ఆ కొట్టు మెట్లు ఎక్కలేదు. అందుకని పెద్దాయనని అడిగి వెళ్ళాను. ఇంట్లో లైటు వద్దు, గుమ్మం దగ్గర వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చోబెట్టు, ఫ్లాష్ వద్దు, వెనక కెమెరాతో ఆరడుగుల దూరం నుంచి తీయి, పోజు పెట్టించకు అన్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఫోన్ తీస్తే, "ఇప్పుడెందుకురా, చేతులు బంకగా ఉన్నాయి" అంది. అలాగే ఉండమన్నాను. తీసేముందు ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే చూశాను. ముక్కుపుడక ఎడమపక్క. ఎడమ కనుబొమలో చిన్న గాటు ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవవు. అదెప్పుడు తగిలిందమ్మా అంటే, నేను పుట్టకముందు గేదె కొమ్ము విసిరితే తగిలిందట. 52 ఏళ్ళకి మొదటిసారి అడిగాను.

ఆ ఫోటో డాక్యుమెంట్‌గా పెద్దాయనకి పంపాను. చేతుల బంక, కనుబొమ గాటు తీయొద్దని కింద రాశాను. సోమవారం ఇస్తామన్నారు. బుధవారం వెళ్తాను.